మామ గడ పట్టని పండుగ

మా లంకకు వచ్చేవాళ్ళ చేతిలో నేను పెట్టే కాగితంలో ఇప్పుడు ఐదు అంశాలే ఉంటాయి. సంగడి పడవ మీద ప్రయాణం, వల విసరడం నేర్చుకోవడం, రాళ్ళ మడుగులో ఈత, పిట్టలు చూడటం, అడ్డాకులో చుట్టి నిప్పుల్లో కాల్చిన చేప తినడం. నిరుటిదాకా ఆరోది కూడా ఉండేది. దాన్ని కొట్టేసింది నేనే. పెన్నుతో కొట్టేస్తే గీత కింద అక్షరాలు కనపడుతున్నాయని మళ్ళీ కొత్తగా జిరాక్సులు తీయించాను.

లంక అనగానే పెద్దగా ఊహించుకోకండి. ఛత్తీస్‌గఢ్ అంచున, కొంటాకు ఎగువన శబరి నది రెండు పాయలుగా చీలి, కాసేపు అలిగి, మళ్ళీ కలిసిపోయే చోట మధ్యలో మిగిలిన ఇసుక, రాళ్ళు. వానాకాలం అది నది అడుగు. చలికాలం వస్తే దీవి. మే నెల నాటికి ఒకవైపు పాయ ఎండిపోయి మేకలు నడిచి వస్తాయి. అంటే ఏడాదిలో ఐదారు నెలలు మాత్రమే దీవిగా ఉద్యోగం చేస్తుంది. అప్పట్లో అది నాకంటే నయం.

జగదల్‌పూర్‌లో డిగ్రీ చదివి వచ్చి, హైవే పక్కన మా నాన్న టీ హోటల్లో కూర్చుని పోటీ పరీక్షల పుస్తకం తిరగేస్తున్న రోజులవి. ఫోన్లో అండమాన్ ప్యాకేజీ ప్రకటన ఒకటి కనపడింది. ఇసుక, పడవ, ఈత, చేపలు, సూర్యాస్తమయం, స్థానిక ఉత్సవాలు. చివరిదాకా చదివాను. సముద్రం ఒక్కటి తప్ప అన్నీ మా దగ్గరున్నాయి. సూర్యుడు మా ఊళ్ళోనూ అస్తమిస్తాడు, ఆ తర్వాత కూడా ఉక్క తగ్గదు. ఉష్ణమండల దీవి అనిపించుకోవడానికి ఇంతకన్నా రుజువేం కావాలి?

కిరందుల్, బచేలి గనుల టౌన్‌షిప్పుల్లో మన ఆంధ్రావాళ్ళ కుటుంబాలు చాలా ఉన్నాయి. సెలవొస్తే ఎటు పోవాలో తెలియక జలపాతాలకే పదోసారి పోయి అవే రాళ్ళ మీద అవే ఫోటోలు దిగుతుంటారు. వాళ్ళ వాట్సాప్ గుంపుల్లో నా కాగితం తిరిగింది. ఫోన్ చేసినవాళ్ళందరూ మొదట అడిగే ప్రశ్న ఒకటే. "బాబూ, అటువైపు భయమేం లేదు కదా?" నేను ఒకటే జవాబు చెప్పేవాణ్ణి. "ఎండ సంగతి నేను చెప్పలేనండి. మిగతాది ఫర్వాలేదు."

కాగితం నాది, నోరు నాది. పడవ మాత్రం మామది.

మామ అంటే చుట్టం కాదు. ఆయన దోర్ల తెగ మనిషి. మేము మా తాత కాలంలో అవతలి గట్టు నుంచి వ్యాపారానికి వచ్చి ఇక్కడే పాతుకుపోయిన తెలుగువాళ్ళం. ఆయనకి దోర్లీ, గోండీ, తెలుగు, హిందీ నాలుగూ వచ్చు. నాలుగింటిలోనూ తక్కువే మాట్లాడతాడు. రెండు తాటిదోనెల్ని పక్కపక్కన జతకట్టి, పైన వెదురు తడిక పరిస్తే అది సంగడి. చేతిలో నిలువెత్తుకు రెండింతల వెదురు గడ. ఒకప్పుడు ఈ గట్టు నుంచి ఆ గట్టుకు పోవాలంటే మామ వాళ్ళ ఇంటి ముందు నిలబడి కేకేయాల్సిందే. రోడ్లు, వంతెనలు వచ్చాక కేకేసేవాళ్ళు లేరు. ఊరికి పడవవాడితో పని ఏడాదికి ఒక్కరోజే మిగిలింది.

ఆ ఒక్కరోజు మామిడి పండుగ.

లంక ఎగువ చివర వరదకు కూడా మునగని చిన్న రాతిగుట్ట ఉంది. ఏటా కొత్త మామిడికాయ కోయడానికి ముందు, ఊరి అమ్మవారిని వెదురుబుట్టలో పెట్టి, సంగడి మీద నది దాటించి ఆ గుట్ట మీదకు తీసుకుపోతారు. మొదటి కాయ ఆవిడకు కోసి, తర్వాత ఊరందరి నోళ్ళకూ అందిస్తారు. అప్పటిదాకా చెట్టు కింద రాలిన పిందెను కూడా ఎవరూ నాలుక మీద పెట్టరు. ఆ రోజు సంగడికి గడ వేసే హక్కు మామ ఇంటిది.

ఆ హక్కు వాళ్ళకు వచ్చిన కథ మామే ఒకసారి చెప్పాడు. ముందు అది వాళ్ళ పెదనాన్నది. ఒక ఏడాది పండుగ నాటికి ఆయనకు జ్వరం వచ్చి, మామ వాళ్ళ నాన్న గడ పట్టాడు. మరుసటేడు పెదనాన్న కులాసాగానే ఉన్నాడు. కానీ గడ ఇటే ఉండిపోయింది. "చెయ్యి మారిన గడ మళ్ళ ఎనక్కి రాదు అల్లుడా" అన్నాడు మామ. గొప్పకి చెప్పినట్టు లేదు. భయపడుతూ చెప్పినట్టుంది. ఎందుకంటే ఆయన చేతులు వణకడం మొదలైంది. అంతకుముందు ఏడాది పండుగకి సంగడి రాయిని రాసుకుందట. ఊళ్ళో ఇద్దరు ముగ్గురు, ఇక అల్లుడికి ఇస్తే పోలే, అన్నారట. అసలు అల్లుడు, అంటే మామ కూతురి మొగుడు, కొంటా నుంచి సుక్మాకు పికప్ నడుపుతాడు. నది మీద అతనికున్న అనుభవం వంతెన మీదుగా పోవడమే.

ఇదంతా తెలిసే నేను నా కాగితంలో ఆరో అంశంగా "స్థానిక ఉత్సవం: మామిడి పండుగ" అని రాశాను. తేదీ కోసం ఊరి పెద్ద పూజారి దగ్గరికి పోయాను. పెరమ అంటారు ఆయన్ని. బక్కపలచని ముసలాయన, చుట్ట ఆరిపోయినా నోట్లోంచి తీయడు.

"పండుగ ఏ రోజు తాతా?"

"టెంక ముదిరినంక."

"టెంక ఎప్పుడు ముదురుతది?"

"పండుగ దగ్గర పడ్డంక."

"తారీకు చెప్తే వచ్చేవాళ్ళకి చెప్పాలె తాతా. వాళ్ళకి ఛుట్టీ దొరకాలె గదా."

ఆయన ఆరిన చుట్టను నోట్లోనే ఒక పక్కకు నెట్టాడు. "టెంకకు ఛుట్టీ లేదురా" అన్నాడు.

కాగితంలో "ఏప్రిల్ నెల (టెంకను బట్టి)" అని వేయించాను. ప్రపంచంలో ఇంకే దీవి ప్రకటనలోనూ ఈ మాట ఉండదని నా నమ్మకం.

పండుగకు పది పన్నెండు రోజుల ముందు ఒక ఆదివారం బచేలి నుంచి మూడు కుటుంబాలు వచ్చాయి. వాళ్ళలో ఒక పెద్దావిడ ఉంది. భర్త ఆ ఏడాదే రిటైర్ కాబోతున్నాడు. ఆవిడ చీర మీద పరుగుపందెం బూట్లు వేసుకుని వచ్చింది, అందరికన్నా ముందు సంగడి ఎక్కింది, అందరికన్నా ముందు వల విసిరింది. వల చేపల మీద కాకుండా ఆయన మీద పడింది. "ఇది ముప్పై ఐదేళ్ళ క్రితమే పడింది" అన్నాడాయన వల్లోంచి. నాకు ఆ జంట నచ్చింది.

మధ్యాహ్నం రాతి నీడలో అడ్డాకులు పరిచాం. చేపలు నావి. ఆవిడ మాత్రం నాలుగు గిన్నెల స్టీలు క్యారియర్ విప్పింది. మామ ఎప్పటిలాగే దూరంగా, దోనె పక్కన, సొరబుర్రలో జావ పెట్టుకుని కూర్చున్నాడు.

"అదేంటి, ఆయన అక్కడ కూర్చున్నారు? బాబాయ్ గారూ, రండి ఇటు!"

మామ చెయ్యి ఊపాడు, వద్దన్నట్టు.

"మొహమాటమా? సరే, నేనే వస్తున్నా" అంటూ ఆవిడ ఆకు, గిన్నె పట్టుకుని ఇసుకలో బూట్లు దిగబడుతుంటే పోయి, ఆయన ముందు ఆకు వేసి, పసుపుపచ్చటి అన్నం కుప్పగా పెట్టింది. "పులిహోర. తినండి. పెద్దవారు, వద్దనకూడదు."

పులిహోర మామకు తెలుసు. మా హోటల్లో చింతపండుది ఎన్నిసార్లు తిన్నాడో. ఆవాలు, పల్లీలు, ఎండుమిరపకాయలు, ఘాటుగా ఇంగువ. తినడం మొదలుపెట్టాడు.

నేను నా ఆకులోది అప్పుడే నోట్లో పెట్టుకున్నాను. ఒక ముద్ద తిన్నాను. రెండో ముద్ద నమిలేసరికి అర్థమైంది. అది చింతపండు కాదు. పచ్చిమామిడికాయ, సన్నగా కోరి కలిపింది. కంటికి కనపడదు.

"కాయలెక్కడివండీ?" అన్నాను.

"మా తమ్ముడు రాజమండ్రి నుంచి బస్సులో వేసి పంపాడు బాబూ. తొలికాయలు. ఈ ఏడాది ఇదే మొదటిసారి కలపడం" అంది ఆవిడ మురిపెంగా.

తొలికాయలు. తిరిగి చూశాను. మామ నాలుగో ముద్దలో ఉన్నాడు.

అప్పుడు చెప్పాల్సింది. నోరు తెరిచాను కూడా. ఏది జరిగినా దాని గాలి తీసేయడానికి క్షణం పట్టని నోరు నాది. మా ఇంట్లో పెళ్ళిలో వంటవాడు అలిగి వెళ్ళిపోతే కూడా జోకేసి నవ్వించినవాణ్ణి. ఆ రోజు అక్కడ ఒక ముసలాయన కడుపునిండా తింటున్నాడు, ఒకావిడ తృప్తిగా చూస్తోంది. నేను నోరు మూసుకుని నమిలాను.

మామ ఆకు మడిచి, నదిలో చెయ్యి కడుక్కుని, "పులుపు మంచిగుందమ్మా" అన్నాడు. ఒకసారి నావైపు చూశాడు. నేను అవతలి గట్టు మీద లేని పిట్టను చూస్తున్నాను.

ఇందులో నా తప్పు ఎంత అని మీరు అడగొచ్చు. ఒక్క విషయం చెప్తాను. మా హోటల్లో మార్చి నుంచి మామిడి పండుగ దాకా మామిడికాయ పచ్చడి ఉండదు. మా ఇంట్లో తింటాం. హోటల్లో మాత్రం మా నాన్న బల్ల మీద పెట్టనివ్వడు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు బజారుకొచ్చి మా దగ్గర తింటారు, తెలియక కలుపుకుంటారని. నేను పలక పట్టకముందు నుంచే ఇది చూస్తున్నాను. వచ్చేవాళ్ళకి నేనిచ్చే కాగితంలో ప్లాస్టిక్ తేవద్దని రాశాను, మందు తేవద్దని రాశాను, స్పీకర్లు తేవద్దని పెద్ద అక్షరాల్లో రాశాను. మామిడికాయ తేవద్దని రాయలేదు. పండుగను ప్రకటనగా వేసుకోవడం గుర్తున్నవాడికి పండుగ నియమం గుర్తులేదు.

మూడు రోజులు నాతో నేను వాదించుకున్నాను. రాజమండ్రి కాయ మీద ఈ ఊరి అమ్మవారికి అధికారం ఉంటుందా? మధ్యలో రాష్ట్ర సరిహద్దు కూడా ఉంది. కోరిన కాయ కాయ కిందకు వస్తుందా, అన్నం కిందకు వస్తుందా? తెలియక తింటే తిన్నట్టా? లాయరుకైతే ఫీజిచ్చేవాళ్ళు, నాకు నిద్ర కూడా దక్కలేదు. నాకు ఆ నమ్మకం లేదు. కానీ మామకు ఉంది. నేను చెప్పకపోతే ఆయన ఆ నోటితోనే అమ్మవారి బుట్ట పక్కన నిలబడి గడ వేస్తాడు. చెప్తే ఈ ఏడాది గడ పట్టడు. ఈ ఏడాది పట్టకపోతే ఇక ఎప్పటికీ పట్టడేమో. చెయ్యి మారిన గడ ఎనక్కి రాదు.

ఎటు తిప్పినా, ఆయన సొంత విషయాన్ని ఆయనకు తెలియకుండా నేను జేబులో పెట్టుకు తిరుగుతున్నట్టుంది. నాలుగో రోజు పొద్దున పోయాను.

మామ ఇంటి ముందు కొత్త గడ చెక్కుతున్నాడు. పండుగకు ఏటా కొత్త వెదురే. కణుపుల దగ్గర కత్తితో నున్నగా గీసి, ఇప్పనూనె పట్టించి, ఎండలో తిప్పి తిప్పి పెడుతున్నాడు. ఇంతకన్నా చెడ్డ సమయం నాకు దొరికేది కాదు.

"మామా, ఆ రోజు ఆ అమ్మ పెట్టిన అన్నం…"

కత్తి ఆగింది.

"అది చింతపండు కాదు. మామిడికాయ. కొత్తది."

మామ వెదురును ఒక పక్కకు ఆనించాడు. లోపల ఎవరో పొయ్యి ఊదుతున్న చప్పుడు. తర్వాత, "నాకూ అనిపించింది" అన్నాడు.

"అనిపిస్తే మరి…"

"నీ మొఖం జూసిన. దేనికైనా ఏదో ఒకటి కూసేటోడివి. ఆ పూట కూయలే. అప్పుడే అనుమానమొచ్చింది." కత్తికి అంటిన నూనె తొడకు తుడుచుకున్నాడు. "అనుమానం మోసుకొని పెరమ దగ్గరికి పోతే నవ్వుతడు. నువ్వు జెప్తవేమో అని జూస్తన్న."

"చెప్పకపోతే?"

"చెప్పినవ్ గదా. ఇంకేంది." లేచి పంచె దులుపుకున్నాడు. "ఆ అమ్మకు మాత్రం జెప్పబాక. పెద్దమనిషి, చేత్తో పెట్టింది. బాధపడతది."

ఇద్దరం పెరమ దగ్గరికి పోయాం. ఆయన చుట్ట ఆరిపోయే ఉంది. మామ ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. నేను నా వంతు చెప్పాను. ఆయన వినీ వినీ, మామను అడిగిన మొదటి ప్రశ్న ఇది.

"బాగుండెనా?"

మామ నిజం చెప్పే ఊపులో ఉన్నాడు కాబట్టి, "బాగుండె" అన్నాడు.

"ఊఁ." పెరమ నేల మీద పుల్లతో గీతలు గీశాడు. "నోరు తప్పింది. నోరు కడగనిదే చెయ్యి గడ మీద పడొద్దు."

"నోరు దేనితో కడగాలె తాతా?" అన్నాను నేను.

"పండుగ కాయతోటి."

"పండుగ కాయ ఎక్కడ ఇస్తరు?"

"లంక మీద."

"లంక మీదికి అమ్మవారు ఎట్ల పోవాలె?"

"సంగడి మీద."

"సంగడికి గడ ఎవరు వెయ్యాలె?"

పెరమ నన్ను చూశాడు. మామ నేలను చూశాడు. నేను తహసీల్ ఆఫీసులో నివాస ధ్రువపత్రం కోసం ఆరు నెలలు తిరిగినవాణ్ణి, ఇలాంటి దారి నాకు కొత్త కాదు. కానీ అక్కడి గుమాస్తాకు నన్ను తిప్పడంలో కొంత సంతోషం ఉండేది. పెరమ ముఖంలో అది లేదు. మామా, ఆయనా చిన్నప్పుడు కలిసి ఆ నదిలో ఈత నేర్చినవాళ్ళు.

"ఈ ఏడు అల్లుడు పడతడు" అన్నాడు చివరికి. మామ తలూపాడు. తిరిగి వస్తుంటే దారిలో మామే అన్నాడు. "గడ ఇంక సగం చెక్కాలె. వాడికి చెక్కుడు రాదు." ఇంటికి పోయి మిగిలిన సగం చెక్కాడు.

టెంక ముదిరింది. పెరమ రాలిన కాయ ఒకటి చీల్చి, గోటితో గీసి చూసి, ఎల్లుండి అన్నాడు. మాట ఇచ్చాను కాబట్టి ఫోన్లు చేశాను. ఛుట్టీ దొరికినవాళ్ళు వచ్చారు, ఒక ఇరవై మంది. వాళ్ళలో బూట్ల పెద్దావిడ, వాళ్ళాయన కూడా ఉన్నారు. వాళ్ళను మా గట్టు మీద మద్దిచెట్ల నీడలో నిలబెట్టాను. లంక మీదకి ఆ రోజు ఊరివాళ్ళే పోతారు.

డోలు మోగింది. బుట్టలో అమ్మవారు వచ్చింది, నెమలి ఈకల కట్ట వచ్చింది. పెరమ సంగడి ఎక్కి బుట్ట ఒళ్ళో పెట్టుకున్నాడు. అల్లుడు మామ చెక్కిన గడ పట్టుకుని వెనక నిలబడ్డాడు. మామూలుగా పికప్ పక్కన నిలబడితే కాస్త పొగరు కనపడే మనిషి. ఆ రోజు బడిలో పద్యం అప్పజెప్పడానికి లేచినవాడిలా ఉన్నాడు. మామ గట్టు మీద, నా పక్కన, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. వణుకుతున్నాయని అలా కట్టుకున్నాడో, ఖాళీగా ఉన్నాయనో.

"ఆయన పడవలో లేరేం బాబూ?" పెద్దావిడ అడిగింది.

"ఈసారి వాళ్ళ అల్లుడి వంతండీ."

సంగడి కదిలింది. మొదటి సగం బాగానే పోయింది. ఏప్రిల్ శబరిలో నీళ్ళు తక్కువ, రాళ్ళు ఎక్కువ. నడిమధ్య రాళ్ళ వరుసలో సంగడి పట్టేంత సందు ఒకటే ఉంటుంది, అదీ పైకి కనపడదు. అల్లుడు గడ దింపాడు, అది జారింది. సంగడి అడ్డం తిరిగింది. ముక్కు రాయికి కొట్టుకుంది. బుట్ట ఒరిగింది, పెరమ రెండు చేతులా పొదువుకున్నాడు. డోలు ఆగిపోయింది.

"ఎడమకు" అంటున్నాడు నా పక్కన మామ, తనలో తాను. "ఎడమకురా. ఎడమకు."

సంగడి కుడికి పోయింది.

తర్వాత చూస్తే నా పక్కన మామ లేడు. పంచె ఎగగట్టి నీళ్ళలో దిగాడు. మోకాలు, నడుము, ఛాతీ. రాళ్ళు ఆయన పాదాలకు తెలుసు. సంగడి ముందుకు పోయి, దానికి నాలుగు బారల దూరంలో ఆగి, వెనక్కి తిరిగాడు. రెండు చేతులూ తల మీద పెట్టుకున్నాడు, పొరపాటున కూడా దేనికీ తగలకుండా.

గట్టు మీద ఊరివాళ్ళు అందరూ పెరమ వైపు చూశారు. ఆయన బుట్ట సర్దుకుని, మామను చూసి, దోర్లీలో ఒక్క మాట అన్నాడు. పక్కనున్నతన్ని అడిగాను. "చెయ్యి తగలనియ్యకు అన్నడు" అన్నాడతను. అంతే. నీళ్ళలో కాలు పెట్టొద్దని ముందు ఎవరూ అనలేదు కదా.

మామ వెనక్కి వెనక్కి నడిచాడు. "నేనున్న తావున గడ దించు" అనేవాడు. ఒక అడుగు జరిగేవాడు. అల్లుడు సరిగ్గా అక్కడ గడ దించేవాడు. సంగడి ఒక బార ముందుకొచ్చేది. ఒకచోట నీళ్ళు మామ గడ్డం దాకా వచ్చాయి. నది మీద ఒక తల, తల మీద రెండు చేతులు, దాని వెనక బుట్టలో అమ్మవారు. గడ్డం ఎత్తి, "దించు" అన్నాడు. గడ దిగింది. సంగడి సందులోంచి రాయిని తాకకుండా జారి అవతల పడింది.

మా గట్టు మీద చప్పట్లు మోగాయి.

నా అతిథులే. ఫోన్లో తీస్తున్న కుర్రాడొకడు, "బ్రో, సూపర్! ఇది ప్రతి సంవత్సరం ఉంటుందా?" అన్నాడు. ఇట్లాంటి ప్రశ్నకి నా దగ్గర ఎప్పుడూ నాలుగు జవాబులు సిద్ధంగా ఉంటాయి. ఆ రోజు నాలుగూ నోటి దాకా వచ్చి వెనక్కి పోయాయి. "లేదు" అన్నాను.

పెద్దావిడ చప్పట్లు కొట్టలేదు. "ఏదో మొక్కులా ఉంది, కదా?" అంది నెమ్మదిగా.

"అలాంటిదేనండి."

"ఎవరి కోసమో."

నేను ఆవిడ బూట్లు చూశాను. మామ వద్దన్నాడు కాబట్టి చెప్పలేదు. చెప్పకుండా ఉండటం ఆ పదీ పన్నెండు రోజుల్లో నాకు రెండు రకాలుగా తెలిసింది. మొదటిది రాయిలా బరువుగా ఉండింది. ఇది అలా లేదు.

వాళ్ళకి కనపడింది వాళ్ళు చూశారు, తప్పు లేదు. గట్టు మీద నిలబడితే నదిలో నడిచే మనిషే కనపడతాడు. ఆయన తిన్న అన్నం, నేను నమిలిన మౌనం, చెయ్యి మారిన గడ ఆ దూరానికి కనపడవు. నేను రాసిన ఆరో అంశంలోనూ అవి లేవు. నాలుగు పదాలు, ఒక నెల, ఒక బ్రాకెట్టు, అందులో టెంక. ఆ సాయంత్రమే దాన్ని కొట్టేశాను. ఎవరైనా పండుగ గురించి అడిగితే, అది వాళ్ళ పండుగ, వాళ్ళు రమ్మంటే చెప్తాను అంటున్నాను. వచ్చేవాళ్ళేమీ తగ్గలేదు. చేప బాగుంటుంది కాబట్టి కావచ్చు. "మామిడికాయ తేవద్దు" అనే మాట మాత్రం ఇప్పుడు స్పీకర్ల పక్కన అంతే పెద్ద అక్షరాల్లో ఉంది.

లంక మీద జరిగింది నాకు గట్టు నుంచి కొంతే కనపడింది. పొగ లేచింది. పెరమ కత్తితో కాయ కోశాడు. మొదటి ముక్క గుట్ట మీద రాళ్ళ దగ్గర పెట్టాడు. రెండో ముక్క మామూలుగా ఊళ్ళో వయసులో అందరికన్నా పెద్దవాళ్ళకి ఇస్తారట. ఆయన దాన్ని పట్టుకుని, తడి పంచెతో చివర నిలబడ్డ మామ దగ్గరికి పోయాడు. మామ నోరు తెరిచాడు. పెరమ పెట్టాడు. ఇద్దరూ కాసేపు అలాగే నిలబడ్డారు, ఒకడు నములుతూ, ఒకడు చూస్తూ. తర్వాత పెరమ సంగడి వైపు చెయ్యి చూపించాడు.

తిరుగు ప్రయాణంలో గడ మామ చేతిలో ఉంది. అల్లుడు ముందు కూర్చుని, పిల్లనిచ్చిన మామను తిరిగి తిరిగి చూస్తున్నాడు. మామ చేతులు వణుకుతూనే ఉన్నాయి, గట్టు నుంచి కూడా తెలుస్తోంది. కానీ గడ దిగే చోట గడ దిగింది. సంగడి ఏ రాయినీ ముట్టుకోలేదు. వచ్చే ఏడు గడ ఎవరిదని ఎవరూ అడగలేదు, పెరమ చెప్పలేదు. వచ్చే పండుగకూ కొత్త వెదురు కావాలి, ఊళ్ళో చెక్కడం వచ్చింది మామకే.

సంగడి గట్టుకు ఆనింది. మామ దిగి, నడుముకు కట్టిన గుడ్డలోంచి అడ్డాకు పొట్లం తీసి నా చేతిలో పెట్టాడు. నా వంతు ముక్క. ఉప్పు కూడా అద్ది ఉంది. కొరికాను. పుల్లగా, పీచుగా, టెంక పక్కన వగరుగా ఉంది.

"ఎట్లుంది?" అన్నాడు.

"బాగుంది మామా."

మామ పెద్దావిడ వైపు ఒకసారి చూసి, ఆవిడ దూరంగానే ఉందని రూఢి చేసుకుని, నా చెవి దగ్గరికి వంగాడు.

"ఆ అమ్మ అన్నంల కాయే మంచిగుండె" అన్నాడు.